చేతి చలవ

"ఏం చేస్తాండావు రత్నమ్మా?"

రాజేశ్వరమ్మ కేకకు గోడ అవతల రత్నమ్మ ఉలిక్కిపడింది. నడుమెత్తు రాతిగోడ మీదుగా వంగి, రాజేశ్వరమ్మ పెరట్లోని గుమ్మడిపాదులో మోచేతుల దాకా చేతులు పెట్టి ఉందామె. అప్పుడప్పుడే తెల్లవారుతోంది.

రాజేశ్వరమ్మ దగ్గరికెళ్ళి చూసింది. కొత్త పిందె పక్కన మూడు పువ్వులు తెంపి పడేసి ఉన్నాయి. రేకులన్నీ ఒలిచేసి ఉన్నాయి. రత్నమ్మ వేళ్ళకు పసుపు!

"అది కాదక్కా, ఈ పువ్వు..."

"నోర్ముయ్! తెల్లారకముందే చేతులకు పసుపు పూసుకోని వచ్చి నా పిందెను తాకుతావా? చేతబడి చేస్తాండావా?"

రత్నమ్మ మొహం పాలిపోయింది. వేళ్ళు కొంగుకు తుడుచుకుంది.

"పన్నెండేండ్ల స్నేహమక్కా. నన్నేనా ఆ మాట అంటాండావు?"

"నిన్నే. ఇంగొకసారి నీ చేయి నా పాదు మీద పడిందా, బాగుండదు."

"పడదులే. ఇంగెప్పుడూ పడదు," అని రత్నమ్మ లోపలికి పోయి తలుపేసుకుంది.

పెనుకొండలో ఆ వీధి వీధంతా రాజేశ్వరమ్మను కిరాణా కొట్టు గురుమూర్తి భార్య అనడం ఎప్పుడో మానేసి, గుమ్మడికాయల రాజేశ్వరమ్మ అనేది. పోయినేడు, అంటే యాభై ఎనిమిదిలో, తాలూకా ప్రదర్శనలో ఆమె కాయకే మొదటి బహుమతి. ఇత్తడి బిందె ఇచ్చారు. ఈ ఏడూ బిందె తన ఇంటికే రావాలని ఆమె పంతం. ఏం ఎరువేస్తావని ఎవరడిగినా, "ఎరువు కాదు, నా చేతి చలవ," అనేది. తాడిమర్రి సేద్యగాళ్ళ ఇంట పుట్టిన రత్నమ్మ ఆ మాట విని నవ్వి ఊరుకునేది. ఆ నవ్వు వెనక ఇంత కుళ్ళుందని ఎవరనుకున్నారు?

పిందెకు వేలు చూపిస్తే కుళ్ళిపోతుందని తెలియనిదెవరికి? రాజేశ్వరమ్మ పెరట్లో ఆ కట్టడి మరీ గట్టిది. చూడవచ్చినవాళ్ళు గడ్డంతో చూపించాలి, కాదంటే పిడికిలి బిగించి చూపించాలి. ఒకసారి గురుమూర్తి మరిచిపోయి వేలెత్తితే ఆ పూట ఆయనకు అన్నం లేదు. అట్లాంటిది, ఈ మహాతల్లి వేలు చూపడం కాదు, ఏకంగా తాకేసింది!

రత్నమ్మ చేయి తగిలిన పిందెను రాజేశ్వరమ్మ అప్పుడే తుంచి పారేసింది. ఆ తర్వాత నాలుగు రోజులకు పుట్టిన ఇంకో పిందె కూడా కుళ్ళి రాలిపోయింది.

"చూస్తిరా?" అని రాజేశ్వరమ్మ మొగుడి మీద విరుచుకుపడింది. "దాని కాన్పులకు నేను పోయి కూర్చుంటి. జ్వరమొస్తే గంజి కాచిపోస్తి. సొంత చెల్లెలనుకుంటి. అది నా పాదుకే ఎసరు పెట్టె!"

"ఒక్క పిందే గదా..."

"మీరూ దాని పక్కేనా?"

గురుమూర్తి కొట్టు తాళాలు తీసుకుని బయటికి నడిచాడు.

ఆమె గోడ మీద ముళ్ళకంప వేయించింది. దిష్టి పోవాలని పాదుకు చెప్పు కట్టింది. అది కొత్త జతలోదని గురుమూర్తికి కొట్టుకు బయల్దేరేటప్పుడు గానీ తెలియలేదు. పాపం, ఆయన వారం రోజులు ఉత్తకాళ్ళతోనే తిరిగాడు. ఇంత చేసినా పిందెలు పుట్టేవి పుడుతున్నాయి, రాలేవి రాలుతున్నాయి. రాలినదాన్నల్లా రాజేశ్వరమ్మ కంప మీదుగా అవతలికి విసిరేది. అవతలి నుంచి ఒక్క మాట వచ్చేది కాదు. తిట్టినా బాగుండేది. పొయ్యి ముందు కూర్చుని, "ఎంత మోసం చేస్తివే రత్నమ్మా," అని ఒక్కతే కళ్ళు తుడుచుకునేది.

నెల తిరిగింది. పాదు నిండా ఆకులే. ప్రదర్శనకు పేర్లు రాసుకుంటూ ఒకరోజు పొద్దున్నే, రైతులకు సేద్యం సంగతులు చెప్పే గ్రామసేవకుడు జయరాముడు వచ్చాడు.

"యాడుండాదమ్మా ఈసారి కాయ?"

"ఇంగ కాయ యాడిది నాయనా? పక్కింటామె చేతబడి చేసె."

జయరాముడు ఆకులెత్తి చూశాడు. "పాదుకు రోగమేం లేదే. ఈ పెరట్లో తేనెటీగలు తిరగవా?"

"వేపచెట్టుకు పట్టు ఉండె. మూడేండ్ల కిందట మా ఇంటాయన్ను కుట్టి మొహం బూరెలాగ ఉబ్బిపోతే, పొగబెట్టి తరిమిస్తి. మళ్ళీ ఒక్క ఈగ ఈ పక్కకు రాలేదు."

"మరి పోయినేడు కాయ ఎట్లా నిలిచె?"

"నా చేతి చలవ," అంది రాజేశ్వరమ్మ.

జయరాముడు ఆమెను వింతగా చూశాడు. పిందె లేని ఉత్త పువ్వొకటి తెంపి, రేకులు ఒలిచేసి, పిందె నెత్తిన విచ్చిన పువ్వులో మెల్లగా రుద్దాడు.

"ఈ పువ్వు పొడి ఆ పువ్వుకు అంటితేనే పిందె నిలుస్తాదమ్మా. ఈగలు లేనిచోట ఎవరో ఒకరు రోజూ తెల్లారేసరికి వచ్చి చేత్తో ఇట్లా చేయాల. లేకుంటే కుళ్ళి రాలిపోతాది."

చెప్పి, పైకి లేచాడు.

అతని వేళ్ళకు అదే పసుపు.