నవారు మంచం పడవ

“పేరు తెలీని సామాను మీద చెయ్యి వెయ్యడానికి మా ఫ్యాక్టరీ షాపులో ఎవడికీ పర్మిషన్ లేదు. నీకూ లేదు” అన్నాడు గణపతిరావు, ఫారం మీద సంతకం పెట్టకుండానే పెన్ను జేబులో పెట్టేసుకుంటూ.

సత్యశ్రీకి ఏడుపొక్కటే తక్కువ. విశాఖలో మూడు రోజుల సెయిలింగ్ క్యాంపు. తండ్రి సంతకంతో ఫారం పంపడానికి ఈ సాయంత్రమే గడువు. ఆయన సెకండ్ షిఫ్ట్‌కి వెళ్ళిపోతే మళ్ళీ ఇల్లు చేరేది రాత్రి పదిన్నర దాటాకే. గోడ గడియారం అప్పుడే పన్నెండున్నర కొట్టింది.

“నాన్నా, ప్లీజ్ యార్! అక్కడ వాళ్ళే నేర్పిస్తారు కదా!”

“నాన్నని యార్ అంటావేటే?” వంటింట్లోంచి తల్లి సూర్యావతి కేకేసింది.

“క్రేన్ ఎక్కీ ముందు మాకు నోటిపరీక్ష పెడతారు. అందులో పాసైనోడే నిచ్చెన ఎక్కాలి. ఇరవై తొమ్మిదేళ్ళబట్టీ చూస్తన్నాను” అన్నాడు గణపతిరావు. “నువ్వూ పరీక్ష ఇయ్యి. ఒక్కటి తప్పినా సంతకం లేదు.”

క్యాంపు వాళ్ళు పంపిన చిన్న పుస్తకం ఆయన చేతిలో ఉంది. పేజీల నిండా పెన్సిల్ గీతలు. ఆ గీతలు సత్యశ్రీవి కావు. ఆయన పట్టు పడితే ఉడుంపట్టేనని ఆమెకి తెలుసు. తనని ఫెయిల్ చెయ్యడానికే చదివాడనుకుంది.

స్టీల్ ప్లాంటు టౌన్‌షిప్‌లోని సెక్టర్ 2 క్వార్టర్ వరండాలో నవారు మంచం పడవైంది. దుప్పటి తెరచాప. నేల తుడిచే వైపర్ కర్ర దాని అడుగున అడ్డకర్ర. చుక్కాని పిడికి ఏమీ దొరక్క గణపతిరావు చీపురు తెచ్చాడు.

“చీపురు మంచం ఎక్కిస్తారేటండీ! ఇంటికి మంచిదేనా?”

“ఇది మంచం కాదు సూర్యా, పడవ. నువ్వు పప్పు చూసుకో.” కూతురి వైపు తిరిగాడు. “ముందు భాగం?”

“బో.”

“వెనక?”

“స్టెర్న్.”

“ఈ చీపురు?”

“టిల్లర్. ఇది ఇటు తోస్తే పడవ అటు తిరుగుతుంది.”

“ఈ అడ్డకర్ర?”

“బూమ్. గాలి మారితే అటునుంచి ఇటు వచ్చి కొడుతుంది. వంగకపోతే తల పగులుద్ది.”

“ఎవరి తల?”

“నాదీ, రెండోవాడిదీ. పడవకి ఇద్దరుండాలి నాన్నా. జోడీని మనమే తెచ్చుకోవచ్చు, ఏ వయసువాళ్ళైనా సరే. లేనివాళ్ళకి అక్కడే ఎవరినో జతచేస్తారు.”

“ఆ రెండోవాడికి ముందు చెప్తావా, తల పగిలినాక చెప్తావా?”

“‘రెడీ’ అని అరుస్తాను. వాడు కూడా ‘రెడీ’ అన్నాకే తిప్పుతాను. పక్కా.”

గణపతిరావు తల ఊపలేదు. మెచ్చుకుంటే ఎక్కడ సంతకం పెట్టాల్సి వస్తుందోనని ఆయన భయం కాబోలు.

“పోర్ట్ ఏ పక్క?”

“ఎడమ పక్క.” సత్యశ్రీ ఎడమ చెయ్యి ఎత్తింది.

“ఇప్పుడు వెనక్కి తిరుగు. పోర్ట్ ఏ పక్క?”

వెనక్కి తిరిగింది. నోట్లో ‘ఎడమ’ అన్న మాట సగం వచ్చి ఆగిపోయింది. రోజూ అన్నం తింటూ ఆయన చెప్పే క్రేన్ కబుర్లు గుర్తొచ్చాయి. క్రేన్ మీద కుడి ఎడమలుండవు. ఫర్నేస్ వైపు, రోడ్డు వైపు. ఆపరేటర్ ఎటు తిరిగి కూర్చున్నా ఫర్నేస్ లేచి ఇంకో పక్కకి పోదు కదా!

“కుడి చేతి పక్క” అంది. “నేను తిరిగాను గానీ పడవ తిరగలేదు నాన్నా.”

గణపతిరావు మీసం చివర ఏదో కదిలి ఊరుకుంది.

“సరే. ఆ రెండోవాడు నీళ్ళల్లో పడిపోనాడనుకో. ఏటి చేస్తావ్?”

“గట్టిగా కేకేసి రబ్బరు రింగు విసురుతాను. వాడి మీంచి చూపు తియ్యకుండా పడవ తిప్పుతాను.”

“వాడికి ఈత రాదు.”

“లైఫ్ జాకెట్ తేలుస్తుంది.”

“జాకెట్ ఊడిపోతే?”

“ఊడదు. బయలుదేరేముందు వాడి బకిళ్ళు నేనే లాగి చూస్తాను.”

“అన్నీ?”

“అన్నీ!”

ఎంతసేపూ ఆ రెండోవాడి గొడవే. కన్న కూతురు పడిపోతే ఏమిటని ఒక్క ప్రశ్న లేదు. సత్యశ్రీకి ఉక్రోషం వచ్చింది. కానీ పరీక్షలో ఉన్నవాళ్ళు అలగకూడదని ఊరుకుంది.

ఒంటిగంటం పావు అయింది. గణపతిరావు హెల్మెట్ తీసుకుని, జేబులోంచి పెన్ను తీశాడు. కూతురికి వీపు పెట్టి, స్కూటర్ సీటు మీద కాగితాలు పరిచి రాయసాగాడు. పొట్టి సంతకానికి అంతసేపేమిటో అర్థంకాక ఆమె గోళ్ళు కొరుక్కుంది.

“ఇదిగో, పాసైపోనావు” అని కాగితాలు చేతిలో పెట్టి, వెనక్కి చూడకుండా బండి స్టార్ట్ చేసి వెళ్ళిపోయాడు.

సత్యశ్రీకి ప్రాణం లేచొచ్చింది. “అమ్మా, హో గయా! సంతకం పెట్టేశారు!” అంటూ మంచం మీద కూలబడి, దుప్పటి మొహాన కప్పుకుని నవ్వుకుంది. వారం రోజుల బరువు ఒక్కసారిగా దిగిపోయింది.

“ఏదీ, చూడనీ” అంటూ తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ సూర్యావతి వచ్చింది. కూతురు ఫారం తీసి చూపించబోయింది. దాని కింద, అదే ఫారం జిరాక్స్ కాపీ ఇంకొకటి ఉంది. పేరు గణపతిరావు, వయసు యాభై నాలుగు.

‘మీకు ఈత వచ్చునా?’ అన్న చోట గళ్ళు దాటిపోయేలా రాశాడు: “నాకు రాదు. పడవ నడిపే మా అమ్మాయికి అన్నీ వచ్చు.”