తాబేలు చేసిన బాన

పోయిన వానలకు గింజలన్నీ తడిసి బూజుపట్టాయి. ఉడత పిల్లలు సగానికి సగం ఆకలికి పోయాయి. అందుకే ఈ ఏడు పెద్ద మట్టి బాన చేసిపెట్టమని ఉడతలు తాబేలును బతిమాలాయి.

"మీరు బయటినుంచి చెక్కతో కొట్టండి. నేను లోపల నిలబడి నా డిప్ప ఆనిస్తాను. అప్పుడే గోడ గట్టిపడుతుంది" అంది తాబేలు.

వరస మీద వరసగా మట్టి గోడ లేచింది. ప్రతి దెబ్బా తాబేలు డిప్పే కాసుకుంది. వెనక కాళ్ల మీద నిలబడినా అంచు అందనంత ఎత్తయ్యాక, "ఇక తీగ వేసి నన్ను లాగండర్రా" అంది.

"అంచు పచ్చిగా ఉంది మామా. తీగకు నలిగిపోతుంది, ఆరనీ" అంది పెద్ద ఉడత.

ఆరాక, "ఇంకొక్క వరస పెట్టి లాగుతాం" అంది. అలా అలా బాన మూతి తాబేలు డిప్పకంటే ఇరుకైపోయింది.

"పగలగొట్టండర్రా! మళ్లీ చేసిస్తాను" అని ఏడ్చింది తాబేలు.

ఉడతలు మబ్బుకేసి చూశాయి. మిగిలిన పిల్లలకేసి చూశాయి.

తాబేలు లోపలినుంచి గోడను డిప్పతో కొట్టడం మొదలుపెట్టింది.

పెద్ద ఉడత బానకు చెవి ఆనించి చాలాసేపు విన్నది.

"ఎక్కడా బీట లేదు. పోయండి గింజలు" అంది.