దొరగారి పెద్ద వేట

పళ్లరిగిన ముసలి పులికి చచ్చేలోగా ఒక్క అడవిదున్ననైనా పడగొట్టాలని కోరిక. దారి చూపేవాళ్ల కోసం కబురు పెట్టింది.

ఎలుగుబంటి వచ్చి, "మా కొండమీద దున్నలెప్పుడో పోయాయి మావా. కుందేలు దొరికితే నీ అదృష్టం," అంది.

నక్క వంగి దణ్ణం పెట్టింది. "నల్లలోయకు రండి దొరా! పెద్ద వేట ఖాయం, పూచీ నాది."

దొరా అనిపించుకుని ఎన్నాళ్లయిందో! పులి నక్క వెంటే నడిచింది.

లోయలో దున్న జాడే లేదు. పులి ఆయాసంతో చెట్టుకింద కూలబడింది.

"దొరా, పెద్ద వేట వచ్చింది!" అని నక్క అరిచింది.

"ఏదిరా?" పులి ఆశగా తలెత్తింది.

నక్క చూపు దానిమీద లేదు, చెట్టుమీది మంచెపైన ఉంది.

"ఈ ముసలిదా?" అని మంచెమీది మనిషి పెదవి విరిచాడు. అయినా తుపాకీ ఎత్తాడు.