ఐసు వాన

ఒక్క రోజులో లోకమంతా గడ్డకట్టుకుపోయే సినిమా అది. నిన్న అందరి ముందూ తన చెంప పగలగొట్టిన హీరో మీద కసికొద్దీ, వాన మిషను మేస్త్రి ఇవాళ ట్యాంకు నిండా ఐసుగడ్డలు వేశాడు.

వాన కురిసింది. హీరో కోటు తొడుక్కున్న మనిషి గజగజ వణికాడు.

“కట్! ఏం వణుకయ్యా!” అన్నాడు డైరెక్టరు.

మనిషి ఇటు తిరిగాడు. హీరో కాదు, డూపు. మేస్త్రి సొంత బామ్మర్ది.

మేస్త్రి తువ్వాలు పట్టుకుని పరుగెత్తాడు. “నువ్వని అనుకోలేదురా! నీళ్ళలో ఐసు...”

“నువ్వు వేస్తుంటే చూశాలే బావా.”

“చూసి కూడా ఎందుకు తడిశావురా?”

బామ్మర్ది పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. “రేపు ముఖం కనిపించే షాటుకి హీరోనే నిలబడాలి. అచ్చం ఇదే వణుకు వచ్చేదాకా డైరెక్టరు వదలడు. రేపు ఇంకో నాలుగు గడ్డలు ఎక్కువే వెయ్యి బావా.”