యాభై రెండు కిలోల తేడా

తూకం దగ్గరి పెద్దమనిషి మా ఆయన్ని కారులో కూర్చోబెట్టి తూచి, తల అడ్డంగా ఊపాడు. "ఉండాల్సిన కనీస బరువుకి యాభై రెండు కిలోలు తక్కువుందండి. ఇలాగైతే రేసుకి రానివ్వం."

మా ఆయన నా వంక చూశాడు. ఈ రెండు సీట్ల చిన్న కారును తేలిక చేయడానికి ఎండాకాలమంతా తంటాలు పడ్డాం. ఏసీ పీకేశాం. ఇంజను వేడి పోవడానికి పెద్ద రేడియేటరు పెట్టి, బానెట్‌కు కన్నాలు కొట్టించాం. తీసినవీ పెట్టినవీ అన్నీ తూచి పుస్తకంలో రాసింది నేనే. బరువు ఇంకా ఎక్కువే ఉందని నేను చెబితేనే నిన్న పక్క సీటు కూడా ఊడదీశాడు.

"ఉప్పుగల్లు కూడా తూచి వేసే మనిషివి. ఎక్కడ దొర్లిందోయ్ తప్పు?"

నీడలో కూర్చుని పుస్తకం మొదటినుంచీ చూశాను. రేసులో కూర్చునేది ఒక్కరేనని నాకు తెలియక కాదు. కానీ మొదటి పేజీలో, మనుషుల బరువు అన్నచోట, ఆయనది వేసి దాని కింద 'నేను' అని రాసి నాదీ వేశాను.

"దొరికిందా?"

"కూడికలో పొరబడ్డానండీ."

"నువ్వా? ఇంకేం, వాన పడుతుంది చూడు," అని నవ్వుతూ వెళ్లి ఇనప దిమ్మెలు తెచ్చాడు. పక్క సీటు ఉండేచోట వాటిని బోల్టులతో బిగించి, కదులుతాయేమోనని రెండుసార్లు ఊపి చూసుకున్నాడు.

ఈసారి తూకం సరిపోయింది. నేను పుస్తకం తెరిచి, 'నేను' అన్న మాట కొట్టేసి 'ఇనుము' అని రాశాను. అంకె మార్చాల్సిన పని లేకపోయింది.