రెండేళ్ళ కిందటి శ్రీమంతుడు

“రెండేళ్ళ కిందట నేను శ్రీమంతుణ్ణా? ఎవరమ్మా నీకు చెప్పింది?” పింఛను ఆఫీసులో అద్దం అవతల కూర్చున్న షెల్బీ మీద విరుచుకుపడ్డాడు డెల్మర్.

“ఆ ఏడు మీ దంపతుల ఆదాయం చాలా ఎక్కువ సర్. పెద్దవాళ్ళ ఆరోగ్య బీమాకి ప్రీమియం రెండేళ్ళ కిందటి ఆదాయాన్ని బట్టే వేస్తారు.”

“పాడి ఎత్తేసి పదేళ్ళయింది. మిగిలిన భూమి కూడా ఆ ఏడే అమ్మి పాత అప్పులు తీర్చాను. ఆ డబ్బు నా గడప తొక్కలేదు, సరాసరి బ్యాంకుకే పోయింది!”

“ఎటు పోయినా ఆదాయం కిందే లెక్క. భూమి అమ్మినందుకు మినహాయింపు లేదు, కుటుంబంలో పెద్ద మార్పు వస్తేనే ఉంటుంది. ఈమధ్య విడాకులు తీసుకున్నారా? పోనీ, మీ భార్య...”

“బయట పికప్ ట్రక్కులో కూర్చుంది, ముక్కుకి ఆక్సిజన్ గొట్టంతో. ఆ మాట అనకు.”

షెల్బీ తల దించుకుంది. పాపం, ఆ పిల్ల మాత్రం ఏం చేస్తుంది!

“ఈ ఒక్క ఏడే సర్. పైయేడు మామూలుకి వచ్చేస్తుంది.”

“పైయేటిదాకా మా ఆవిడ లవాన్ ఉండాలిగా? మా ఇద్దరి పింఛన్లలోనూ ప్రీమియం కింద ఇంతింత కోసేస్తుంటే, ఊపిరితిత్తుల డాక్టరుకి బీమా ఇచ్చింది పోను మా వంతు ఎక్కణ్ణుంచి తెచ్చి కట్టను?” డెల్మర్ కుర్చీని అద్దానికి దగ్గరగా జరిపాడు. “సరే. నాది తీసెయ్.”

“ఏది?”

“నా బీమా. ఎద్దులా ఉన్నాను, నాకెందుకది? ఆ కోత ఆగితే లవాన్ మందులకైనా పనికొస్తుంది.”

బీమా మానేస్తామన్నవాళ్ళని ఎదురుగా కూర్చోబెట్టి నచ్చజెప్పాలని అక్కడ రూలు. షెల్బీ మనస్ఫూర్తిగానే చెప్పింది. “డెబ్బై ఆరేళ్ళకి ఈ పని చెయ్యకండి సర్. రేపు కాలు విరిగితే? మళ్ళీ చేరదామన్నా వెంటనే కుదరదు. ఆలస్యమైతే బతికినంతకాలం జరిమానా కట్టాలి.”

“బతికినంతకాలమేగా!” అంటూ డెల్మర్ సంతకం పెట్టేశాడు.

బయట మంచు కురుస్తోంది. పికప్ ఎక్కి తలుపు వేసుకున్నాడు. లవాన్ గొట్టం సవరించుకుంటూ అడిగింది. “ఏమన్నారు?”

క్రిస్మస్‌కి ఆమె వండే ఎండుచేప అద్భుతంగా ఉందనడం తప్ప, యాభై ఏళ్ళ కాపురంలో డెల్మర్ ఆమెతో అబద్ధమాడి ఎరగడు. ఇప్పుడు ఆడాడు.

“తప్పు వాళ్ళదేనని ఒప్పుకున్నారు. నీ ప్రీమియం తగ్గించేశారు. రేపే మ్యాడిసన్ సిటీకి డాక్టరు దగ్గరికి పోదాం.”

ఆమె మొహం పాలిపోయింది.

“నా ప్రీమియమా?”

“నీదే. నాది ఎలా ఉంటేనేం?”

“డెల్, లోపల ఏం చేసొచ్చావు? నిజం చెప్పు.”

డెల్మర్ బండి తాళం తిప్పబోయి ఆగాడు. “నాది రద్దు చేయించేశాను. నీదుంటే చాలు నాకు.”

లవాన్ అతని చెయ్యి పట్టుకుంది.

“పిచ్చి ముసలోడా, నువ్వు మీ తమ్ముడింటికి పోయిన రోజున చర్చివాళ్ళ కారులో ఇక్కడికే వచ్చి, నాది నేనే రద్దు చేయించుకున్నాను.”