లోపలికి దిగనివాడి తాళం

"పెద్దాయనా, చీపురు పట్టేవాడికి తాళమెందుకయ్యా?"

ఫిట్టర్ అడిగాడు. స్విచ్చు బోర్డు దగ్గరున్న నలుగురూ నవ్వారు.

సబ్బుల మిల్లులో అదొక కట్టుబాటు. ముద్ద కలిపే డ్రమ్ములోకి దిగి రెక్కలు గీకేవాడు ముందుగా స్విచ్చుకు తన తాళం వేసుకోవాలి. తాళంచెవి తన జేబులోనే ఉండాలి. అతను పైకొచ్చి తాళం తీసేదాకా ఎవరూ స్విచ్చు వెయ్యలేరు.

ఊడ్చే ముసలాయన డ్రమ్ములోకి ఏనాడూ దిగలేదు. అయినా పనిలో చేరిన మర్నాడే ఒక తాళం కొనుక్కొచ్చుకున్నాడు. రోజూ డ్రమ్ము మూతి దగ్గర తల వంచి, గడ్డంలో ఏదో గొణిగి, వెళ్ళి ఫిట్టర్ తాళం పక్కన తనదీ తగిలిస్తాడు.

"రాయికి మొక్కేవాళ్ళని చూశాను. సబ్బు డ్రమ్ముకి మొక్కేవాణ్ణి నిన్నే చూశా," అన్నాడు ఫిట్టర్.

ముసలాయన నవ్వలేదు. "మీ తాళం సరిగ్గా పడిందా బాబూ?" అని మాత్రం అడిగాడు.

ఫిట్టర్ తమ్ముడు రెండేళ్ళ క్రితం ఇలాంటి డ్రమ్ములోనే పోయాడు. ఇంకో మిల్లులో. అక్కడ తాళాల పద్ధతి లేదు. లోపల మనిషున్నాడో లేడో కనుక్కోకుండా ఎవడో స్విచ్చు వేశాడు.

వాడికి ఏడాది జైలు పడింది. ఫిట్టర్ కోర్టుకు వెళ్ళలేదు. పేపరు ముట్టుకోలేదు. ఆ మొహం చూస్తే గుర్తుండిపోతుంది. గుర్తుంటే వెతికి మరీ చంపుతాడు.

ఆనాటి నుంచి దేవుడి గదిలోకి అడుగు పెట్టలేదు.

అమ్మ రోజూ అదే పాట. "నమ్మరా నాన్నా. ఆ ఒక్కటీ లేకపోతే ఇంకెందుకు ఈ బతుకు?"

ఆ ప్రశ్నే అతన్ని పురుగులా తొలుస్తోంది. పగలంతా ఇనుము గీకడం, రాత్రంతా కప్పుకేసి చూడటం. ఎందుకు?

ఒక మధ్యాహ్నం ముసలాయన పక్కన కూలబడ్డాడు.

"నువ్వు భక్తుడివి కదా, చెప్పు. నమ్మితే బతుక్కి అర్థం వస్తుందా?"

ముసలాయన చీపురు పుల్లలు సర్దుకున్నాడు.

"నాకంత తెలీదు బాబూ. ఎవరి పని వాళ్ళు చూసుకుని చెయ్యాలి. అది కూడా నాకు ఆలస్యంగా తెలిసింది."

"ఇంతోటి దానికా ఆ మొక్కులు?"

ముసలాయన తల దించుకున్నాడు.

మర్నాడు ఫిట్టర్ దేవుడున్నాడో లేడో తేల్చేసుకుందామనుకున్నాడు.

మూడున్నరకు చెప్పులు డ్రమ్ము పక్కన విడిచాడు. తాళం జేబులోనే ఉంచుకుని లోపలికి దిగాడు.

నాలుగింటికి సైరన్ మోగుతుంది. సైరన్ ఆగగానే స్విచ్చు వేస్తారు. పైన ఎవడైనా ఉంటే ఆపుతాడు. లేకపోతే తనూ తమ్ముడి దగ్గరికి పోతాడు. ఎటైనా లెక్క తేలిపోతుంది.

రెక్కల కింద చీకట్లో ముడుచుకుని కూర్చున్నాడు. మిల్లు రొదకు అందరిలాగే చెవుల్లో దూది కుక్కుకున్నాడు. తన గుండె చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు.

కాసేపటికి డ్రమ్ము మూతి దగ్గర ఏదో నీడ ఆడింది. పోయింది.

సైరన్ మోగింది. దాని మోత ఇనుములోంచి ఎముకల్లోకి పాకింది. ఆగింది.

అతను కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. పది దాకా లెక్కపెట్టాడు. వంద దాకా. మూడొందల దాకా.

రెక్క కదలలేదు.

రెండేళ్ళుగా రాని ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది.

"ఉన్నావు," అన్నాడు చీకట్లోకి. "ఉన్నావు సామీ."

పైకెక్కాడు. ఈ సంగతి ముందు అమ్మకు చెప్పాలి. చెవుల్లో దూది పీకేసుకుని, కాళ్ళకు చెప్పులు కూడా లేకుండా గేటు వైపు, పక్కనున్న స్విచ్చు గదిలోకి పరుగెత్తాడు.

స్విచ్చు బోర్డు చుట్టూ జనం గుమిగూడారు. బోర్డుకు వీపు ఆనించి ముసలాయన కూర్చుని ఉన్నాడు. తల ఒక పక్కకు వాలిపోయింది; ఊపిరి లేదు. పైన ఒక్కటే తాళం వేలాడుతోంది.

సూపర్‌వైజరు మొహం పాలిపోయింది. చేతిలో తాళం కోసే కత్తెర ఉంది.

"చెప్పుల జత కనబడింది, లోపల మనిషున్నాడు, వెళ్ళి చూడండని ఒకటే గోల. గీకేవాళ్ళ తాళమేదీ లేదు కదయ్యా అంటే వినడే. పోనీ నువ్వే వెళ్ళి చూసిరా అంటే, నేను కదిలితే మీరు తాళం కోసేస్తారంటాడు. ఏ రోజుకారోజు ఇదే తంతు, ఎన్నిసార్లని ఖాళీ డ్రమ్ము చూస్తాం? కాస్త పక్కకు లాగానంతే. గుండె పట్టుకుని..."

ఫిట్టర్ ఒంటినిండా అంటుకున్న సబ్బు ముద్ద అప్పుడు సూపర్‌వైజరు కంటబడింది.

"నువ్వా? లోపల నువ్వున్నావా?"

అందరి చెవుల్లోనూ దూదే ఉండే ఆ మిల్లులో, ముసలాయన గొణుగుడు దగ్గరగా విన్నది సబ్బులు పేర్చే ఆవిడ ఒక్కతే. ఆవిడ కొంగుతో నోరు మూసుకుని ఏడుస్తోంది.

"మీరంతా జపమనుకున్నారు. జపం కాదు నాయనా. లోపలెవరైనా ఉన్నారా, లోపలెవరైనా ఉన్నారా. రోజూ మూడుసార్లు, ఆ ఒక్క మాటే."

ఫిట్టర్ మోకాళ్ళ మీద కూర్చుని ముసలాయన పిడికిలి విప్పాడు. తాళంచెవి గుచ్చుకుని అరచేతిలో నెత్తురు చారిక ఉంది.

ఆయన వాళ్ళెవరికి కబురు పెట్టాలో తెలుస్తుందని చొక్కా జేబు వెతికాడు. మడతల దగ్గర చిరిగిపోయిన పాత పేపరు ముక్క దొరికింది.

అందులో తమ్ముడి ఫొటో ఉంది; దాని పక్కనే, ఆ రోజు ఆ ఒక్క మాట అడక్కుండా స్విచ్చు వేసినవాడి ఫొటోలో, గడ్డం లేని ముసలాయన అతనికేసి చూస్తున్నాడు.